బావి చెంగమ్మను పావి చేసినారు

ధనమ్మకు కోపమొస్తే నల్లగుంటపాళెంలో కుక్కలు కూడా వీధి మారతాయని ఊళ్ళో ఒక మాట ఉంది. ఆ మాట పుట్టించినవాళ్ళెవరో ఆమెకు తెలుసు. తెలిసీ ఊరుకుంది, ఎందుకంటే అందులో అబద్ధమేమీ లేదు. కానీ మునిమనవరాలికి పేరు పెట్టాలనుకున్న వారంలో ఆమెకు వచ్చిన కోపం ఉంది చూడండి, అది ఊరు ఎన్నడూ ఎరగనిది. ఒకే ఒక్క అక్షరం మీద వచ్చిన కోపం అది.

నల్లగుంటపాళెం తిరుత్తణి నుంచి ఊత్తుకోట వైపు పోయే దారిలో కాస్త లోపలికి ఉంటుంది. ఊళ్ళో తెలుగు మాట, ఊరు దాటితే అరవం. ఎప్పుడో విజయనగరం రాజుల కాలంలో ఎద్దులబండ్లు కట్టుకుని వచ్చి దిగిన రైతుల సంతతి వాళ్ళు. ఆ వచ్చినవాళ్ళలో ఊరికి మొదటి బావి తవ్విన మనిషి చెంగమ్మ. అందుకే ఆమె బావి చెంగమ్మ అయింది. ధనమ్మ పుట్టినిల్లూ మెట్టినిల్లూ రెండూ ఆమె సంతతే. ఆ ఇళ్ళలో ఏ తరంలోనైనా తొలి ఆడబిడ్డ చెవిలో మొదట చెప్పే పేరు చెంగమ్మ. బడిలో ఇంకేదైనా రాసుకోనీ, రేషన్ కార్డులో ఇంకేదైనా రాసుకోనీ, చెవిలో పడేది మాత్రం ఆ పేరే. ధనమ్మ అక్క చెంగమ్మ. ధనమ్మ కూతురు చెంగమ్మ. తాను రెండోదిగా పుట్టడం వల్ల తనకా పేరు దక్కలేదన్న దుగ్ధ ధనమ్మకు ఈనాటికీ పోలేదు.

ఇప్పుడు మనవడు దినకర్‌కు ఆడపిల్ల పుట్టింది. దినకర్ కాట్టుపల్లిలో ఓడలు కట్టేచోట కాంట్రాక్టు పనికి పోతాడు, సెలవు దొరికినప్పుడే ఇల్లు. భార్య సింధూర పట్టాభిరామ్‌లో పుట్టి పెరిగింది. ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళే కానీ చదువంతా అరవంలో. శుక్రవారం పేరు పెట్టాలి, సోమవారం సాయంత్రం సింధూర మెల్లగా వచ్చి, చెనక్కాయలు ఒలుస్తున్న ధనమ్మ పక్కన కూర్చుంది.

"అవ్వా, ఆ పేరు వొద్దవ్వా. యశస్విని అని ఒకటే పెట్టుకుందాం."

ధనమ్మ చేతిలో కాయ చేతిలోనే నిలిచిపోయింది. "యాడా లేని మాట చెప్తా ఉండావే. ఆ పేరుకేం తెగులొచ్చె?"

"వొచ్చిండాదవ్వా. నువ్వు చూళ్ళేదు, అంతే."

సింధూర ఫోన్ తీసి ఒక బొమ్మ చూపించింది. అద్దాల వెనక దీపాల వెలుగులో ఒక రాతిపలక. రాతి మీద ఒక ఆడమనిషి, చంకలో కడవ, చేతిలో గడ్డపార. ధనమ్మ ముఖం వెలిగింది. తమ చెంగమ్మే. నాలుగు వరుసల రోడ్డు వేసేటప్పుడు ఊరి మొదట్లో ఉన్న ఆ రాయి అడ్డమొచ్చింది. తిరువళ్ళూరులో ఎవరో ట్రస్టు వాళ్ళు మ్యూజియం పెట్టి, ఈ సీమకు మొదట వచ్చి దిగినవాళ్ళ చరిత్ర చూపిస్తామని ఊరూరా తిరుగుతూ ఈ రాయినీ అడిగారు. దీపాలు పెట్టి, అద్దం పెట్టి, మహారాణిలా చూసుకుంటామన్నారు. అందరికంటే ముందు సరేనన్నది ధనమ్మే. లారీ ఎక్కించే రోజు కర్పూరం తానే వెలిగించింది. మ్యూజియం తెరిచినప్పుడు తనను పిలవలేదని మాత్రం పౌరుషం పట్టి, ఒక్కసారైనా పోయి చూడలేదు.

"బాగనే పెట్టినారు గదే," అంది ధనమ్మ.

"కింద బోర్డు ఉండాది చూడు. అది చదివినాక నాకు నిద్ర పట్టలేదవ్వా." సింధూర అరవ అక్షరాల మీద వేలు పెట్టి చదివింది. "పావి చెంగమ్మా."

"పావి ఏందే? నోట్లో ఏం పెట్టుకోనుండావు? బావి అని పలుకు."

"ఈడ పావి అనే ఉండాదవ్వా. పావి అంటే పాపిష్టిది. కింద కథ గూడా రాసినారు." సింధూర ఆగి, ముసలామె ముఖం చూసి, గొంతు తగ్గించి తెలుగులో చెప్పింది. "ఈమె కడవలో విషం కలిపి మొగుణ్ణి చంపిందంట. చేతిలో ఉండేది ఆయుధమంట. ఊరోళ్ళు రాళ్ళతో కొట్టి చంపి, శాపం తగలకుండా ఈ రాయి నిలబెట్టినారంట. దావన పొయ్యేటోళ్ళు ఒక్కో రాయి ఇసిరి పొయ్యేది ఆచారమంట."

ధనమ్మ చెనక్కాయల చేటను పక్కకు నెట్టింది.

చెంగమ్మ కథ ధనమ్మకు ఉగ్గుపాలతో పాటు పోసినది. బండ్లు కట్టుకుని వస్తూ ఉండగానే చెంగమ్మ మొగుడు దారిలో పాము కరిచి పోయాడు. వాళ్ళను తోలుకొచ్చిన దండునాయకుడు నది పక్క తడి నేల తన వాళ్ళకు పంచి, రైతులకు ఈ ఎర్ర మెట్ట చూపించి, నీళ్ళు పడితే మీది, పడకపోతే మీ కర్మ అన్నాడు. మగవాళ్ళు తవ్విన చోటల్లా పొడి మట్టే లేచింది. బండ్లు మళ్ళీ కట్టారు, వెనక్కి పోదామని. చెంగమ్మ బండి ఎక్కలేదు. మీరు పొండి, నేను వచ్చిన దారి మళ్ళీ తొక్కను అని పుట్ట పక్కన గడ్డపార దించింది. దారిన పోయే ప్రతివాడినీ నిలబెట్టి గోతిలోంచి ఒక్క రాయైనా పైకి ఎత్తించేది. ఎత్తనివాడికి దారి ఇచ్చేది కాదు. నీళ్ళు పడ్డాయి. ఎద్దులను మళ్ళీ విప్పారు. అందుకే ఊళ్ళో కొత్తగా కాలు పెట్టిన కోడలైనా అల్లుడైనా ఆమె పాదాల దగ్గర ఒక గులకరాయి పెట్టాలి. వంతురాయి అంటారు దాన్ని. సింధూర కూడా పెళ్ళయిన రోజు పెట్టింది.

ఆ వంతురాళ్ళను మ్యూజియం వాళ్ళు గోనెసంచుల్లో కట్టి తీసుకుపోయారు. వాటిని చూసే, చంపిన రాళ్ళని తేల్చారన్నమాట. చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అనలేదు పెద్దలు.

"వెంకటపతీ!" ధనమ్మ కేకకు పెరట్లో ఉన్న కొడుకు, దినకర్ తండ్రి, తువ్వాలు భుజాన వేసుకుని వచ్చాడు. "ఈ పావి యాడ నించి వొచ్చిందిరా?"

వెంకటపతి ఫోన్‌లోకి చూసి, తల గోక్కుని, నేల చూశాడు. "అమా... రాయి లారీ ఎక్కక ముందు తిరునాళ్ళకు పెయింటు కొట్టినాము గదా. అప్పుడు పేరు రాసినాము. అదే చూసి రాసుకోనుంటారు."

"ఏ అచ్చరాలతో రాస్తివి?"

"అరవమే. మన పిలకాయలకు తెలుగు చదవను యాడ వస్తాది?"

"అరవంలో బా యాడుందిరా?"

"లేదు. పాకూ బాకూ ఒకటే అచ్చరం. మనకు తెలుసు గదమా, అది బావి అని."

"మనకు తెలుసు. రాయికి తెలుసా? లారీకి తెలుసా? తిరువళ్ళూరోనికి తెలుసా?"

వెంకటపతి తువ్వాలును ఒక భుజం మీంచి ఇంకో భుజానికి మార్చుకున్నాడు. అతడు మంచివాడు, పనిమంతుడు, తల్లి మాటకు ఎదురు చెప్పనివాడు. కానీ ఆ క్షణంలో ధనమ్మకు కొడుకు మీద వచ్చిన మంట వేరు. ఎండలు మండిన ఒక కరువు సంవత్సరంలో, మోటార్లు బోర్లు వచ్చి ఊళ్ళలో బావులన్నీ చెత్తకుండీలు అవుతున్న కాలంలో, ధనమ్మ మొగుడు వరదయ్యతో కలిసి చెంగమ్మ బావిలోకి దిగి పూడిక తీసింది. కడుపుతో ఉండి మోకు పట్టుకుని దిగింది. ఆ కడుపులో ఉన్నది వెంకటపతే. తరవాత పంచాయతీ వాళ్ళు బావిని పూడ్చి గది కడతామని వచ్చినప్పుడు గట్టు మీద మంచం వేసుకుని పడుకుని, పూడ్చేదుంటే నన్ను కలిపి పూడ్చండి అన్నది. వరదయ్య పోయినా, మోకాళ్ళు పోయినా, పండగ రోజు మొదటి కడవ ఇప్పటికీ ఆమే తోడుతుంది. అంత చేసి కాపాడిన బావిని కన్నకొడుకు ఒక పెయింటు డబ్బాతో పాపం చేసి పెట్టాడు.

ధనమ్మకు అరవ అక్షరాలు రావు. మాట వస్తుంది, బాగా వస్తుంది, తిట్టడానికైతే ఇంకా బాగా. అక్షరం రాకపోవడానికి కారణం ఉంది. ఆమె బడికి పోయిన మొదట్లో పాఠం తెలుగులోనే. తిరుత్తణి చిత్తూరు జిల్లా నుంచి విడిపోయి ఇటు అరవ రాష్ట్రంలో కలిసినాక కొత్త అయ్యవారు వచ్చాడు. తనమ్మా అని పిలిచాడు. నా పేరు ధనమ్మ అంది. అతడు మళ్ళీ తనమ్మా అన్నాడు. పలక చంకన పెట్టుకుని ఇంటికి వచ్చేసింది. నాన్న కొట్టినా పోలేదు. పేరు సరిగా పలకని చోట చదువేమి చదివేదని ఆ వయసులోనే అన్నదట. చదువు పోయిందన్న విచారం ఆమెకు ఒక్క పూట కూడా కలగలేదు.

"రేపు తిరువళ్ళూరు పోతా ఉండాము," అంది. "సింధూరా, నువ్వూ రావల్ల. ఆడ రాసిందంతా నాకు చదివి చెప్పల్ల. బిడ్డను గూడా ఎత్తుకో."

"పోయి ఏం చేస్తామవ్వా?"

"పోయినాక చూస్తావు గదా."

తిరుత్తణిలో రైలెక్కారు. సింధూర కిటికీ పక్కన, ఒళ్ళో బిడ్డ. ఎదురుగా ధనమ్మ. వెంకటపతి తల్లికి కనబడకుండా తలుపు దగ్గర నిలబడ్డాడు. కొంతదూరం పోయాక సింధూర మొదలుపెట్టింది.

"నాకు నిజం తెలుసవ్వా. నువ్వు చెప్పినావు, నమ్మినా. కానీ బళ్ళో పిలకాయలకు తెలీదు గదా. బడి బడినీ ఆ మ్యూజియానికి బస్సుల్లో తోలకపోతా ఉండారు. రేపు నా బిడ్డ ఆ పేరు చెప్తే, ఏయ్ పావీ అని పిలుస్తారు. నువ్వొచ్చి ఒక్కొక్కరికీ కథ చెప్తావా?"

"చెప్తాను."

"ఎన్నాళ్ళు చెప్తావు?"

ధనమ్మ బిడ్డ మీద కప్పిన గుడ్డ సర్దింది. ఆ పిల్ల బడికి పోయే వేళకు తాను ఉంటుందో లేదో. ఆ మాట సింధూర అనలేదు, అనకపోయినా ధనమ్మకు వినబడింది. బిడ్డ నిద్రలో చెయ్యి విప్పి మూసింది. ధనమ్మ ఆ చేతికేసి చూస్తూ, కొంగుతో ముఖం తుడుచుకుని, "ఎండ," అంది.

మ్యూజియం గేటులో టికెట్టు దగ్గరే మొదటి గొడవ.

"మా ముత్తవ్వను చూసేదానికి నేను టికెట్టు కొనల్నా? ఆమెను పంపించిందే నేను. మీ ఇంటికి మీరు పొయ్యేటప్పుడు తలుపు కాడ టికెట్టు కోస్తారా?"

వెంకటపతి గబగబా వెనక నుంచి టికెట్లు తీసుకుని, తల్లికి కనబడకుండా జేబులో పెట్టుకున్నాడు. ఆమె గెలిచాననుకుని లోపలికి నడిచింది.

మొదటి గదిలో కత్తులు, ఈటెలు, గుర్రం మీద ఒక నాయకుడి పెద్ద బొమ్మ. ఈ సీమకు జనాన్ని తెచ్చి నిలిపిన మహానుభావుడని కింద రాసి ఉందని సింధూర చెప్పింది. రెండో గదిలో దున్నే మడక, ఎద్దులతో నీళ్ళు తోడే కపిల బావి తోలు తొండం, రాగి బిందెలు. వాటి కింద ఏ మనిషి పేరూ లేదు, 'వాడిన వస్తువులు' అని మాత్రం ఉంది.

"కత్తి పట్టినోనికి పేరుండాది. మడక పట్టినోనికి పేరు లేదు," అంది ధనమ్మ. "ఈయన గుర్రం తాగే నీళ్ళు ఎవరు తోడినారో రాసినారా యాడన్నా? పేరుండే ఆడది ఒకతి కనబడినాది, దానికి ఈ పేరు పెట్టినారు."

అంతలో లోపలి గది నుంచి టక్కు టక్కుమని చప్పుడు వచ్చింది. తరవాత పిల్లల నవ్వులు.

లోపల ఒక బడి పిల్లలు వరుసగా నిలబడి ఉన్నారు. మ్యూజియం గైడు పెరుమాళ్ చేతిలో ప్లాస్టిక్ బేసిన్, బేసిన్ నిండా గులకరాళ్ళు. చూపించేటప్పుడు అద్దం తలుపు తెరిచిపెడతారట. ఒక్కొక్క పిల్ల ఒక రాయి తీసుకుని, "పావి!" అని అరిచి చెంగమ్మ మీదికి విసురుతోంది. పెరుమాళ్ నవ్వుతూ, మెల్లగా, మెల్లగా, శిల పగలకూడదు అంటున్నాడు. టీచరు ఫోన్‌లో వీడియో తీస్తోంది.

అవి వంతురాళ్ళే. కొన్నిటికి ఇంకా పసుపు కూడా పోలేదు.

ధనమ్మ అరవలేదు. నడుచుకుంటూ పోయి, పిల్లలకూ రాయికీ నడుమ నిలబడింది. అప్పటికే చెయ్యెత్తిన ఒక పిల్లవాడి రాయి వచ్చి ఆమె మోచేతికి తగిలింది. మిగతా పిల్లలు ఎత్తిన చేతులు దించేశారు.

"వెయ్యండి," అంది అరవంలో. ఆమె అరవంలోనే అంది, వాళ్ళకు బాగా అర్థం కావాలి కదా. "ఎందుకు ఆపినారు? ఇంటి పెద్దను కొట్టినాక ఇంటోళ్ళను కొట్టేదానికేమి? ఈమె సంతతి నేను. ఆ పిల్ల చంకలో ఉండేది గూడా ఈమె సంతతే. మూడు తరాలు ఒకే చోట దొరికినాము, మీకు శ్రమ లేదు."

"పాట్టీ, ఇదొక పాత ఆచారం..." అన్నాడు పెరుమాళ్.

"ఎవురి ఆచారం? మీ ఇంట్లో ఆచారమా? మా ఊళ్ళో ఇది కాళ్ళకాడ పెట్టే రాయి. నువ్వు చేతికి ఇచ్చి కొట్టమంటా ఉండావు. నీకు దేవళంలో టెంకాయ ఇచ్చినా పూజారి నెత్తిన కొడతావు లాగుండాదే!"

పిల్లలకు నవ్వొచ్చింది, టీచరు కసిరింది. ముందు వరుసలో ఒక పిల్ల చెయ్యెత్తింది. "పాట్టీ, ఎవరినీ చంపకపోతే ఆమె చేతిలో గడ్డపార ఎందుకు?"

"బావి తవ్వేదానికి. బావి దేంతో తవ్వుతారే, మీ టీచరమ్మ పెన్నుతోనా?"

దామోదరన్ అనే మేనేజరు పరుగున వచ్చాడు. నెమ్మదస్తుడు. కుర్చీ తెప్పించాడు, టీ తెప్పిస్తానన్నాడు. ధనమ్మ కుర్చీని చూసి, కూర్చోలేదు. సంగతంతా విని అతడు ఫోన్‌లో పాత ఫోటో వెతికి చూపించాడు. రాయి ఊళ్ళో ఉన్నప్పటిది. రాతి మీద ఎర్ర పెయింటుతో, కొట్టొచ్చినట్టు, అరవ అక్షరాలు.

"చూడండి పాట్టీ. పేరు మేము పెట్టింది కాదు. మీ ఊరివాళ్ళే రాసి ఉన్నారు."

వెంకటపతి పైకప్పులో తిరుగుతున్న ఫ్యాను చూడసాగాడు.

"రాసింది మావోడే," అంది ధనమ్మ. ఒక్కసారి కూడా కళ్ళు దించలేదు. "వాడు గడ్డి తిని రాసినాడు. ఒప్పుకుంటా ఉండా. విషం గూడా వాడే పోసినాడా? మొగుణ్ణి చంపింది, రాళ్ళతో కొట్టింది, ఇదంతా ఎవురు చెప్పినారు మీకు?"

"చెన్నై నుంచి ఒక పరిశోధకుడు వచ్చి చూసి రాశాడు పాట్టీ. పేరేమో పావి, చేతిలో కడవ, గడ్డపార, కాళ్ళ దగ్గర గుట్టగా రాళ్ళు. అన్నీ సరిపోయాయి."

"సరిపొయినాయంట! వినండి! నీ చేతిలో తాళంచెవులు ఉండాయి, నీ పక్కన బీరువా ఉండాది, అన్నీ సరిపొయినాయి, నువ్వు దొంగవి అంటే ఊరుకుంటావా? అడగల్ల గదయ్యా! రాయి లారీ ఎక్కే దినం నేను ఆడనే ఉండా. మీ మనుషులకు మజ్జిగ పోసినా. నోరు తెరిచి, అమ్మా ఈమె ఎవురు అని ఒక్కడు అడిగినాడా? రాయిని అడిగినారు, రాళ్ళను అడిగినారు, మనిషి నిలబడుంటే మనిషిని అడగలేదు."

దామోదరన్ చేతులు జోడించాడు. నిజంగానే నొచ్చుకున్నాడని అతడి ముఖం చూస్తే తెలుస్తుంది. "పొరపాటే అనుకోండి. నేను పైవాళ్ళకు మెయిల్ పెడతాను. బోర్డు మార్చాలంటే కమిటీ మీటింగు కావాలి. టైము పడుతుంది. పైగా..." అని ఆగాడు.

"పైగా?"

"ఈ కథంటే అందరికీ ఇష్టం పాట్టీ. వచ్చిన పిల్లలు మొదట అడిగేది దీన్నే. మడక, బిందె ఎవరు చూస్తారు?"

ఆ మాటకు ధనమ్మ నిండా ఊపిరి లాగింది. లోపల మాటలు సర్దుకుంటోందని వెంకటపతికి తెలుసు, రెండడుగులు వెనక్కి వేశాడు. కానీ ఆమెకంటే ముందు సింధూర మాట్లాడింది. మ్యూజియంలో అడుగు పెట్టినప్పటి నుంచి బోర్డులు చదివి చెప్పడం తప్ప ఒక్క మాట అనని సింధూర.

"సార్, మీకు ఆడపిల్ల ఉందా?" అరవంలో, బడిలో చదివిన శుద్ధమైన అరవంలో అడిగింది.

"ఉంది అమ్మా. ఎనిమిదో తరగతి."

"ఆ పిల్ల బొమ్మ గోడకు కట్టి, కింద పావి అని రాసి, పిల్లల చేతికి రాళ్ళిస్తే, మీరు కమిటీ మీటింగు దాకా ఆగుతారా? లేక పిల్లలందరికీ ఇష్టంగా ఉందని ఊరుకుంటారా?" బిడ్డను భుజం మీదికి మార్చుకుంది. "శుక్రవారం నా బిడ్డకు ఆ పేరు పెట్టాలి సార్. నేను వద్దన్నాను. ఎందుకన్నానంటే మీ బోర్డు చదవడం నాకు వచ్చు కాబట్టి. ఇదిగో మా అవ్వకు చదవడం రాదు, ఆమెకు భయం లేదు. చదువుకున్న నేను భయపడి మా ఇంట్లో తరతరాల పేరు వదులుకుందామని చూశాను. మీ రాత చేసిన పని అది."

దామోదరన్ పెరుమాళ్ వైపు తిరిగి, ఆ బేసిన్ తీసుకుపోయి రాళ్ళు మళ్ళీ కాళ్ళ దగ్గర పోసి రమ్మన్నాడు. తరవాత బోర్డు మీద అంటించడానికి తెల్ల అట్ట తెప్పించాడు. మీటింగు అయ్యేదాకా ఇది ఉంటుంది, ఏమి రాయాలో మీరే చెప్పండి అన్నాడు.

"బావి చెంగమ్మ అని రాయి," అంది ధనమ్మ.

అతడు పెన్ను మూత తీసి, మొదటి అక్షరం రాయబోయి, ఆగిపోయాడు. ఎట్లా రాసినా పావే వస్తుంది. సింధూర వంగి చూసింది. "అవ్వా, బావిని అరవంలో కిణరు అంటారు గదా. కిణరు తవ్విన చెంగమ్మ అని రాద్దామా?"

"ఆమె పేరు కిణరా? నీ పేరు సింధూర, ఎర్రపొడి అని పిలిస్తే పలుకుతావా?"

"అయితే ఎట్లవ్వా? బా లేదు గదా."

"లేకపోతే ఉండే అచ్చరంతో రాయండి. తెలుగులో."

"తెలుగు ఎవరు చదువుతారు పాట్టీ ఇక్కడ?" అన్నాడు దామోదరన్.

"చదవలేకపోతే, ఇదేంది అని అడుగుతారు. అడిగితే చెప్పండి. చదవను వచ్చిందని అనుకోబట్టే గదా ఇంత వచ్చింది."

చివరికి పైన తెలుగు, కింద అరవం అని తేలింది. తెలుగు రాసింది ధనమ్మే. పెన్ను పట్టి ఎన్నేళ్ళయిందో. బావి అన్న రెండక్షరాలు అట్టలో సగం తిన్నాయి, ఒకటి పెద్ద, ఒకటి చిన్న, గోడకు కొట్టిన పిడకల్లా. కింద మిగిలిన చోటులో సింధూర ముత్యాల్లాంటి అరవ అక్షరాలతో, ఈ ఊరికి మొదటి బావి తవ్విన మనిషి అని రాసి, పాము కరిచి పోయిన మొగుణ్ణీ, ఎక్కని బండినీ, వంతురాళ్ళనూ ఇరికించింది. వెంకటపతి అట్ట అంటించాడు. కాస్త వంకరగా అంటించాడు. దానికీ తిట్లు తిన్నాడు.

బయటికి వచ్చేటప్పుడు ధనమ్మ సంతోషంగా లేదు. "అట్ట! ఇంత చేసి అట్ట ముక్క! పావి అని రాసేటప్పుడు ఇత్తడిలో చెక్కినారు, బావికి అట్ట!" అని స్టేషను దాకా అంటూనే ఉంది.

శుక్రవారం పట్టాభిరామ్ నుంచి సింధూర తల్లిదండ్రులు, మేనత్తలు, అందరూ వచ్చారు. దినకర్ రాత్రి షిఫ్టు దిగి నేరుగా వచ్చి కళ్ళు నలుపుకుంటూ కూర్చున్నాడు. వచ్చినవాళ్ళలో సగం మందికి ఆ బోర్డు సంగతి తెలుసని ధనమ్మకు తెలుసు. ఎవరో ఒకరు ఏదో ఒకటి అంటారనీ తెలుసు. అందుకే ముందు రోజంతా తిట్లు తయారుచేసుకుంది. వియ్యపురాలికి ఒక రకం, మేనత్తకు ఒక రకం, మగవాళ్ళకు వేరే. మడిచిన చీరల్లా ఒకదాని మీద ఒకటి పేర్చి పెట్టుకుంది.

బిడ్డను ఒళ్ళోకి తీసుకుని, చెవి దగ్గరికి వంగుతూ ఉండగా సింధూర తల్లి అననే అన్నది. "అమ్మాయ్, ఆ పావి పేరా? ఊళ్ళో నలుగురూ ఏమంటారు?"

ధనమ్మ తలెత్తి, మొదటి తిట్టు నోట్లోకి తెచ్చుకుంది.

"అమా," అంది సింధూర, తల్లి వైపు తిరక్కుండానే, "నీకు చదవను రాకపోతే చదవను రాదను. మా ఇంటామెను పావి అన్నాక ఇంక ఈ వాకిట్లో మంచినీళ్ళు అడగొద్దు. ఆ నీళ్ళు ఆమె తవ్విందే."

సింధూర తల్లి ముఖం ఎర్రబడింది. దినకర్ నిద్ర దిగిపోయి నిటారుగా కూర్చున్నాడు. ధనమ్మ బిడ్డ చెవిలో పేరు మూడుసార్లు చెప్పింది. బిడ్డ ఏడుపు లంకించుకుంది. గట్టి గొంతు, వీధి చివరి దాకా వినిపించే గొంతు.

అంతా అయ్యాక, భోజనాలు వడ్డిస్తూ ఉంటే, ధనమ్మ మాత్రం ముభావంగా కూర్చుంది. కొడుకు వచ్చి, "పేరు పెట్టేసినావు గదమా, ఇంకేం కోపం?" అని అడిగాడు.

"ఆ పిల్ల నాకు ఒక్క తిట్టైనా మిగల్చలేదురా," అంది. "అన్నీ తయారుచేసి పెట్టుకోనుంటిని." కాసేపు ఆగి, చెయ్యి చాచింది. "ఫోను ఇట్లియ్యి. ఆ దామోదరనుకు కలుపు. మీటింగు యాడిదాకా వొచ్చిందో కనుక్కుంటాను."